సంగటికి చోటు లేని వంటిల్లు

మాడ్యులర్ కిచెన్‌కు బడ్జెట్ వేసినన్ని రోజులూ మా ఆయన దేశానికి ఆర్థికమంత్రిలా తిరిగాడు. చిమ్నీ కోసం పండగ బట్టలకు కోత పెట్టాడు. చప్పుడు కాకుండా మూసుకునే సొరుగుల కోసం నా బెంగళూరు ప్రయాణానికి కోత పెట్టాడు. ఇంట్లో సొరుగులు దబాలున మూసేది నేనొక్కదాన్నే కాబట్టి ఆ ఖర్చు నా నెత్తినే వేయడం న్యాయమట.

కొలతలు తీసుకోవడానికి చిత్తూరు నుంచి డిజైనర్ వచ్చినప్పుడు మా అత్త అడిగింది ఒక్కటే.

"పొయ్యి పక్కన రవంత నేల వదిలిపెట్టు నాయనా. సంగటి కెలకాల గదా."

రాగి సంగటి గట్టు మీద కుదిరే పని కాదు. గిన్నెను కింద పెట్టి, గుడ్డ చుట్టి, రెండు పాదాలతో అదిమి పట్టి కట్టెతో కెలకాలి.

"ఖాళీ నేలకు దుడ్లేమీ పడవులే అవ్వా," అని నవ్వాడు డిజైనర్.

అదే కొంప ముంచింది. డబ్బు పెట్టి కొనని వస్తువు మా ఆయన కంటికి ఆనదు. అంత మంచి జాగా ఊరికే పోతుందని అక్కడ నిలువెత్తు అల్మారా పెట్టించాడు.

పనంతా అయ్యాక డిజైనర్ ఫోటోలు తీసుకోవడానికి మళ్ళీ వచ్చాడు. అత్త హాల్లో సోఫా ముందు కూర్చుని సంగటి కెలుకుతోంది. మా ఆయన టీవీ మీద పడిన సంగటి చుక్కల్ని తువ్వాలుతో తుడుచుకుంటున్నాడు.

"కొత్త వంటిల్లు ఎట్లుండాది అవ్వా?" అన్నాడు డిజైనర్.

"వంటిల్లు ఇదే నాయనా," అంది అత్త తలెత్తకుండా. "నువ్వు చేసిన బీరువాల గది ఆ పక్కనుండాది. పోయి ఫోటో తీసుకో."