గాట్ల పట్టీ

మొన్న మందుల షాపులో దగ్గు సిరప్ కొంటే, సీసా మూత మీద చిన్న కప్పు బోర్లించి ఇచ్చారు. లోపల గీతలున్నాయి. ఏ గీత వరకు పోసుకోవాలో షాపతను చూపించబోయాడు. గీతల సంగతి నాకు చెప్పకు నాయనా అనుకొని వచ్చేశాను.

డెబ్బైల చివర్లో, బీఎస్సీ పాసైన ఘనతకు, మా అమ్మ నన్ను వరంగల్‌లో మేనమామ మందుల దుకాణంలో కూర్చోబెట్టింది. దుకాణం మగ్గాల గల్లీ మొదట్లోనే. మామ నేర్పిన విద్యల్లో నాకు బాగా పట్టుబడింది ఒకటే: మందు సీసాకు నిలువుగా కాగితం పట్టీ అతికించడం. పట్టీ అంచున కత్తెరతో గాట్లు. గాటుకొక పూట. చదువు రానివాళ్లకు అదే చీటీ. నా గాట్లు స్కేలు పెట్టి కొలిచినట్టుండేవి. డిగ్రీ అక్కరకొచ్చిన చోటు అదొక్కటే.

ఆ వానాకాలం గల్లీలో గత్తర సోకింది. కలరాయే, పేరెత్తితే వింటుందని అందరూ ‘అది’ అనేవారు. పెళ్లికని ములుగు పోయిన మామ అక్కడే ఆగిపోయాడు. గల్లీకి అడ్డంగా వెదురు బొంగులు కట్టి, ఒక పోలీసును కాపలా పెట్టారు. మగ్గాలు ఆగాయి, తలుపులు మూసుకున్నాయి. దుకాణంలో నాకు తోడు బల్లులు, బలానికి తాగే టానిక్కులు. హనుమకొండ నుంచి వచ్చిన డాక్టరు బొంగుల అవతలే నిలబడి కేకేశాడు: కాచిన నీళ్లలో ఉప్పు, చక్కెర కలిపివ్వు, ఎంత తాగితే అంత మంచిది. పదకొండు ఇళ్లకు పదకొండు సీసాలు పంచాను. అలవాటు కొద్దీ, కొంత గర్వం కొద్దీ, అన్నింటికీ గాట్ల పట్టీ అతికించాను. తాగించండి అన్నాను. ఎంత తాగించాలో చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఎదురింటి అవ్వ సీసా పట్టుకొచ్చి చూపింది. సగం పైనే ఉంది.

“మూడు పూటలు మూడు గాట్లే తాపిన కొడుకా. ఒక్క సుక్క ఎక్కువ పోనియ్యలె.”

“కోడలెట్లున్నదవ్వా?”

“కండ్లు గుంటలు పడ్డయ్. నీళ్లు నీళ్లని ఒకటే మొత్తుకుంటాంది. మందు లెక్క తప్పుతదని నేనియ్యలె.”

“మొత్తం తాపు అవ్వా! అయిపోతే ఇంకోటిస్త.”

“ఓ యవ్వ! ఎక్కువైతే పానం పోదా? మరి గాట్లెందుకు వెట్టినవ్, అందానికా?”

నిజానికి అందానికే. ఆ మాట చెప్పే ధైర్యం లేక, కొత్త సీసా తీసి ఆమె ముందే గటగటా తాగేశాను. గడ్డం కింద చెయ్యి పెట్టుకొని, నేను పడతానేమోనని కాసేపు చూసింది. పడలేదు. “గీ ముక్క నిన్ననే చెప్తే ఏం పోయె, సదువుకున్నోడా?” అని ఇంటికి పరుగెత్తింది.

మిగతా ఇళ్లకు నేనే పోయాను. ప్రతి తలుపు ముందూ అదే నాటకం. పట్టీ చింపడం, చూస్తుండగా తాగడం. ఇంకో రెండు రోజులకు అవ్వ కోడలు లేచి కూర్చొని అత్తను తిట్టింది. గల్లీ అంతా విని సంతోషించింది.

ఆ పొద్దున తిరిగిన ఇళ్లలో చివరిది ఒంటరిగా ఉండే ముసలి నేతగాడిది. నేను పోయేసరికే తలుపు బయట గొళ్లెం. “నీ మందు రాకముందే పోయిండు బిడ్డా,” అంది పక్కింటామె, నా మొహం చూసి. సీసా అరుగు మీదే ఉంది. రెండు గాట్లు తగ్గి.

బొంగులు ఆ నెలలోనే విప్పారు. నలభై ఏళ్లు దాటింది. ఆ గల్లీలోంచి నేను పూర్తిగా బయటికొచ్చానని మాత్రం ఇప్పటికీ చెప్పలేను.