పడుకోబెట్టిన కవర్లు

మా మేస్త్రిగారు పోయారన్న కబురు నాకు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పెట్టింది మా నర్సరీ యజమాని కొడుకు, మేమంతా చినబాబుగారు అని పిలిచే ఆయన. ఫొటో కింద చేతులు జోడించిన బొమ్మలు, "మన డిజిటల్ ప్రయాణంలో తొలి అడుగు వేసిన శ్రమజీవి" అని ఒక వాక్యం. చదవగానే నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. ఏడాది కిందట ఇదే గ్రూపులో ఇదే చినబాబుగారు, మేస్త్రిగారు చూసే మొక్కల బ్లాకు ఎర్రగా కనపడుతున్న స్క్రీన్‌షాట్ పెట్టి "దీనికి సమాధానం ఎవరు చెబుతారు?" అని అడిగారు. ఆ రోజు మేస్త్రిగారి తరఫున ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ ఎర్రరంగు వేసింది నేను. అందుకే ఈ నాలుగు మాటలూ రాయాల్సింది నేనే.

కడియం దగ్గర ఒక పెద్ద నర్సరీలో కంప్యూటర్ పనులు చూస్తాను. చినబాబుగారు ఏదో సదస్సుకు వెళ్లొచ్చి, మనకూ బిజినెస్ ఇంటెలిజెన్స్ కావాలన్నారు. ఏ బ్లాకులో ఎన్ని మొక్కలున్నాయి, ఎన్ని చచ్చిపోతున్నాయి అన్నది ఆఫీసు టీవీ మీద ఎప్పటికప్పుడు కనపడాలట. నాకు అప్పటికి ఆ పనిలో ఓనమాలు రావు. మధ్యాహ్నం అన్నం తింటూ ఆన్‌లైన్ కోర్సు చూసి నేర్చుకున్నాను. పట్టికలు కలపడం, గ్రాఫులు గీయడం, పోయిన మొక్కలు ఒక హద్దు దాటితే బ్లాకు ఎర్రబడేలా, లోపలుంటే ఆకుపచ్చగా ఉండేలా పెట్టడం, అన్నీ వచ్చేశాయి. అసలు ఆ అంకె పొలంలో ఎలా పుడుతుందో మాత్రం ఆ కోర్సులో ఎక్కడా లేదు.

అది చెప్పడానికి మేస్త్రిగారే స్వయంగా వచ్చారు. ఏసీ గది బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చేవారాయన. వద్దని ఎంత చెప్పినా వినేవారు కాదు. కుర్చీ చూపించినా నిలబడే మాట్లాడేవారు.

"కవర్ని లెక్కెట్టకండి అమ్మాయిగారూ, మొక్కని లెక్కెట్టండి" అన్నారు.

"రెండింటికీ తేడా ఏంటండీ?"

"ఆయ్, రేపు పొద్దున్నే ఓ గంట నాతో బ్లాకులో తిరిగితే మీకే తెలుస్తుందండి."

నేను వెళ్లలేదు. టీవీ ప్రారంభానికి తేదీ పెట్టేశారు, నాకు గంట కూడా దొరకదు అనుకున్నాను. ఆ గంట గురించి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

వెళ్లి ఉంటే ఇది చూసేదాన్ని. నర్సరీలో మొక్క చచ్చిపోయినా అది నాటిన నల్లకవరు వరసలో నిలబడే ఉంటుంది. మిగతా మూడు బ్లాకుల మేస్త్రులు ఆ కవర్లనే లెక్కవేసి, పోయినవి సున్నా అని చెప్పేవారు. లారీకి లోడు ఎత్తేటప్పుడు పక్క వరసలోంచి బతికున్నవి లాగి సర్దేసేవారు. మా మేస్త్రిగారు మాత్రం రోజూ వరస వరసా తిరిగి, అనుమానం వచ్చిన ప్రతి మొక్క కాండాన్నీ బొటనవేలి గోటితో గీరేవారు. లోపల పచ్చి కనపడితే బతికున్నట్టు. గోధుమరంగు కనపడితే ఆ కవరు తీసి గట్టు మీద అడ్డంగా పడుకోబెట్టేవారు. సాయంత్రానికి పడుకున్నవి ఎన్నో అన్నే ఫోన్లో ఎక్కించేవారు. పనివాళ్లకు టీ వస్తే ఆడవాళ్లందరూ తాగేదాకా తన గ్లాసు ముట్టుకునేవారు కాదు. ఒకసారి ఆయన ఆఫీసు ఫోనంతా మట్టి చేశారని నేను కసురుకున్నాను కూడా. "మట్టయితే తుడుచుకోవచ్చండి, తప్పుడంకె ఎక్కించేస్తే ఎవరు తుడుస్తారండి?" అని నవ్వేశారు.

టీవీ ప్రారంభించిన రోజు మూడు బ్లాకులు ఆకుపచ్చగా, ఆయన బ్లాకు ఒక్కటీ ఎర్రగా వచ్చింది.

"అందరి మొక్కలూ బతుకుతుంటే మీవే చస్తున్నాయేంటండీ?" అన్నారు చినబాబుగారు.

"వాళ్లవీ చస్తున్నాయండి, నావీ చస్తున్నాయండి. నేను చెబుతున్నానంతేనండి."

"అంటే సిస్టమ్ అబద్ధం చెబుతోందా?" అని చినబాబుగారు నా వైపు తిరిగారు. అప్పుడు నేను ఒక్క మాట అనాల్సింది. ఒక్కరోజు ఆగండి, వెళ్లి చూసొస్తాను అని ఉంటే చాలు. నేను కీబోర్డు వైపు చూస్తూ కూర్చున్నాను. మర్నాటి నుంచి మేస్త్రిగారిని గేటు దగ్గర లారీ నంబర్లు రాసే పనిలో వేశారు. చేత్తో మొక్క ముట్టుకోకుండా ఉండలేని మనిషిని!

నాగపూర్ వెళ్లే లారీకి మామిడి అంటుమొక్కలు ఎక్కించే రోజున అసలు సంగతి బయటపడింది. టీవీలో పచ్చగా వెలుగుతున్న బ్లాకులో సగం వరసలు ఎండుపుల్లలే. నేను పరుగున వెళ్లి చినబాబుగారికి చెప్పాను. "సరే, ఎర్రరంగు హద్దు కాస్త పెంచేయండి, ఇకమీదట ఏ బ్లాకూ ఎర్రగా రాకూడదు. మేస్త్రి సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. నేను హద్దు పెంచేశాను. ఆయనన్న ఆ 'తర్వాత' మాత్రం రాలేదు.

గేటు దగ్గరకు వెళ్లి మేస్త్రిగారిని క్షమించమన్నాను. ఆయన నాలుగు తిట్టినా బాగుండేది.

"టీవీ మీరు బాగానే చేశారండి. ఎర్రగా ఉంటే ఉజ్జోగం పోద్దని తెలిశాక నిజం ఎవడు రాస్తాడండీ? అంకె చూడగానే ఆగిపోకండి. రాసినోడు ఎవరికి భయపడి రాశాడో కనుక్కోండి."

అప్పటి నుంచి మధ్యాహ్నాలు కోర్సు మానేసి గేటు దగ్గరే అన్నం తిన్నాను. ఏ మొక్క ఏ నెలలో చచ్చిపోతుంది, ఏ మేస్త్రి ఏ రోజు లెక్క ఎగ్గొడతాడు, అన్నీ చెప్పారు. ఈ పని గురించి నాకు ఇవాళ తెలిసిందంతా ఆ గేటు దగ్గర నేర్చుకున్నదే. లారీ వస్తే మాట ఆపి, లేచి వెళ్లి నంబరు రాసి వచ్చేవారు. ఆ లోపే మొక్కల వైపు ఒకసారి చూసేవారు.

గుండెపోటు అన్నారు డాక్టర్లు. వాళ్లు అన్నది నిజమే కావచ్చు, కానీ నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు.

కబురు వచ్చిన మర్నాడు ఆఫీసులో సంతాపసభ. పొద్దున్నే ఆయన బ్లాకులో పనిచేసే ఆవిడ నా దగ్గరకు వచ్చింది. ఆయన్ని గేటుకు మార్చాక నాలుగు బ్లాకుల్లోనూ మేస్త్రులు చెప్పిన అంకె ఫోన్లో కొట్టేది ఆడవాళ్లే.

"తెల్లారగట్ల నుంచి అందరం తిరిగామండి. అన్ని బ్లాకుల్లోనూ చచ్చినవన్నీ తీసి గట్ల మీద పడుకోబెట్టేశాం. మేస్త్రులు చెప్పింది కాకుండా మేం లెక్కెట్టిందే కొట్టేయమంటారా?" అంది.

ఉద్యోగం గుర్తొచ్చింది. ఆ వెంటనే కీబోర్డు వైపు చూస్తూ కూర్చున్న రోజూ గుర్తొచ్చింది. "కొట్టేయండి" అన్నాను.

టీవీ కింద బల్ల వేసి, దాని మీద ఆయన ఫొటో పెట్టి దండ వేశారు. ఆయన నిజాయితీ గురించి చినబాబుగారు మాట్లాడుతూండగా ఆడవాళ్లు ఫోన్లలో లెక్క ఎక్కించారు; ఒక బ్లాకు రంగు మారింది, తర్వాత ఇంకొకటి. నేను పెంచిన హద్దు కూడా దాటిపోయి నాలుగూ ఎర్రబడ్డాయి. అందరం పైకి చూస్తున్నామని చినబాబుగారూ వెనక్కి తిరిగి చూశారు.

"ఏంటిది? ముందా టీవీ ఆపండి" అన్నారు.

రిమోట్ నా ఒళ్లోనే ఉంది. నేను కదల్లేదు. తలుపు దగ్గర నిలబడ్డ ఆడవాళ్లూ కదల్లేదు, వాళ్ల చెప్పులన్నీ గది బయటే ఉన్నాయి. టీవీలోని ఎరుపు దండ మీదుగా దిగి ఫొటో అద్దం మీద పడుతోంది.