సార్ మాటకు అడ్డం

పదవీ విరమణ చేసినా లెక్కలు నన్ను వదల్లేదు. భద్రాచలం దాటాక అడవి మొదలయ్యే చోట మా ఇల్లు. పదో తరగతి రాసిన పిల్లలు వేసవిలో సందేహాలు అడగడానికి వస్తుంటారు. మొన్నటి వేసవిలో వచ్చిన పిల్ల, ఒకప్పుడు ఆశ్రమ పాఠశాలలో నా దగ్గర చదువుకున్నామె కూతురు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాయబోతోంది. సీటు రాకపోతే అశ్వారావుపేట పామాయిల్ తోటల్లో కూలికి పంపుతానని తండ్రి ముందే తేల్చేశాడు.

కోచింగుకు ఖమ్మం పంపే స్తోమత వాళ్ళకు లేదు. ఫోన్లో పాఠాలు వింటోంది. పొద్దున తల్లితో కలిసి బీడీలకు వాడే తునికాకు కోసి, మధ్యాహ్నం కట్టలు కట్టి, సాయంత్రం సిగ్నల్ అందుతుందని మా వాకిట్లోకి వచ్చి కూర్చునేది.

ఫోన్ పాఠమంటే నాకు మొదట గిట్టలేదు. నల్లబల్ల వైపు తిరిగి రాస్తున్నా, వెనక ఎవరి పెన్ను ఆగిందో చెవికి తెలిసేది నాకు. ఫోన్లోని మనిషికి ఎవరి పెన్ను వినబడుతుంది? అయినా పక్కన కూర్చుని విన్నాను. మెట్టు వదలకుండా చెప్తున్నాడు ఆ సారు. మెట్టు వదిలితే మార్కులు కోసే నాకే తప్పు దొరకలేదు. పైగా అర్థం కాకపోతే మళ్ళీ వినవచ్చు, వెనక బెంచీ వాళ్ళు నవ్వరు.

అంత మంచి పాఠం విన్న పిల్లకు లెక్క ఇస్తే రాలేదు. స్తంభానికి ఇరవై మీటర్ల దూరంలో నిలబడితే పైకొన అరవై డిగ్రీల కోణంలో కనిపిస్తోంది, ఎత్తెంత? టాన్ రాయాల్సిన చోట సైన్ రాసింది. మర్నాడూ అంతే. సారు చేసిన లెక్కనే అప్పజెప్పమంటే మాత్రం గడగడా చెప్పేది.

ఒక సాయంత్రం ఫోన్‌ను వదిలేసి పిల్లనే చూస్తూ కూర్చున్నాను. "ఇక్కడ వీడియో ఆపి మీరే చేయండి, తర్వాత జవాబు చూద్దాం" అన్నాడు సారు. పిల్ల చేతులు కట్టుకుని అలాగే కూర్చుంది. సారు తనే చేసి చూపించాడు.

"ఆపలేదేందే?" అన్నాను.

"సార్ మాట్లాడుతుంటే మధ్యల ఎట్ల ఆపుత టీచర్?"

"ఆయనే ఆపమన్నడు గదే!"

"అంటరు. అన్నరని పెద్దోళ్ళ నోరు మూయిస్తమా?"

తునికాకు కొనే కల్లంలో కట్టలు అప్పగించి కూతురి కోసం వచ్చిన తల్లి పకపకా నవ్వింది. "మీరు పాఠం చెప్తుంటే మూతి మీద ఈగ వాలినా తోలేటోళ్ళం కాదు టీచరమ్మా. గదే నేర్పిన దీనికి."

నాకూ నవ్వాగలేదు. లెక్క ఇచ్చాక నేను నోరు మూసుకుని బల్లల మధ్య తిరిగేదాన్ని. పిల్లలు లెక్క నేర్చుకున్నది నేను మాట్లాడినప్పటి కంటే ఆ తిరిగినప్పుడే ఎక్కువ. ఫోన్లోని సారుకు అలా తిరిగే వీలు లేదు.

"ఆయన ఈడుంటే తనే ఆగేటోడు. ఫోన్ల ఆగే వీలు లేదు గనుకనే నిన్ను అడుగుతుండు. ఆపకుంటెనే మాట విననట్టు" అన్నాను.

పిల్ల ఫోన్ వైపు వంగింది. "ఏమనుకోకండి సార్" అని వేలితో తెరను మెల్లగా తాకింది. సారు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు.

"అగో, పాపం!" అంది తల్లి.

నేనిచ్చిన స్తంభం లెక్కే మళ్ళీ ముందేసుకుంది, వెంటనే తెమల్లేదు. సైన్ రాసి కొట్టేసింది. బొమ్మ గీసింది. దూరం ఎటుందో, ఎత్తు ఎటుందో వేలు పెట్టి చూసుకుంది. నేను నోరు విప్పలేదు. చివరికి టాన్ రాసి, ఇరవై రూట్ మూడు తెచ్చింది. అప్పుడే సారును మళ్ళీ మాట్లాడనిచ్చింది.

పరీక్ష దాకా అదే పద్ధతి. చెప్పడం ఆయనది, ఆపడం పిల్లది, ఊరికే పక్కన కూర్చోవడం నాది.

కొత్తగూడెంలో సీటు వచ్చింది. తల్లీకూతుళ్ళు సారపప్పు పొట్లం పట్టుకుని వచ్చారు. పొట్లం అందుకుని, "ఏ లెక్క తప్పినవ్?" అని పిల్లను అడిగాను.

"సీటొచ్చింది గద టీచరమ్మా, ఇంకా ఎందుకు?" అంది తల్లి.

"సీటొస్తే తప్పిన లెక్క ఒప్పైతదా?"

పిల్ల అప్పటికే కాగితం కోసం వెతుకుతోంది.