ఎలీసీ మెచ్చుకున్నాడంటే అంతే!

మా చర్చికి కొత్తగా వచ్చిన మిషనరీ కుర్రాడు ఎలీసీకి ఒకే ఒక్క జబ్బు. కనిపించినదాన్నల్లా మెచ్చుకుంటాడు. ఇంకే ఊళ్ళోనైనా దీన్ని సుగుణం అంటారు. మా అపియాలో మాత్రం దోపిడీ అంటారు.

పసిఫిక్ సముద్రం మధ్యనున్న మా సమోవా దీవులవాళ్ళకి ఒక పద్ధతుంది. ఇంటికొచ్చిన మనిషి, అందులోనూ దేవుడి మనిషి, ఫలానా వస్తువు బాగుందన్నాడంటే దాన్ని ఆయన చేతిలో పెట్టి పంపాలి. ఆయన వద్దంటే ఇచ్చినవాడికి అవమానం. అసలు ఇవ్వనే ఇవ్వకపోతే ఇంటిల్లిపాదికీ అవమానం. అందుకే మేం ఒకరింటికి ఒకరం వెళ్ళినప్పుడు చూపులు చాప మీద పెట్టుకుని, వాన గురించి నాలుగు మాటలాడుకుని బుద్ధిగా తిరిగొచ్చేస్తాం.

ఈ సంగతి కెనడాలో ఎవరికీ తెలిసినట్టు లేదు. అసలు పేరు ఎల్లిస్, మా నోట్లో పడి ఎలీసీ అయిన ఆ ఇరవై మూడేళ్ళ కుర్రాణ్ణి విమానం ఎక్కించేముందు అక్కడి పెద్దలు ఉపదేశం చేశారట: "ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు ఏదో ఒకటి మెచ్చుకో, మనసులు తెరుచుకుంటాయి" అని. మనసుల సంగతేమోగానీ మా బీరువాలు తెరుచుకున్నాయి.

మొదటి దెబ్బ ఫిలిపోగారికి తగిలింది. ఆయన మా చర్చి కమిటీ అధ్యక్షుడు. రెండు బస్సులు, ఒక బట్టలకొట్టు, లావెక్కి ఒకదాని కింద ఒకటిగా మూడు గడ్డాలు ఉన్న మనిషి. "ఈ కుర్రాణ్ణి రప్పించింది నేనే! ఉత్తరాలు రాసి రాసి నా వేళ్ళు అరిగిపోయాయి. వీడు నా మనిషి!" అని ఊరంతా చాటుకుని, మొదటి ఆదివారం ఎలీసీని భోజనానికి పిలిచాడు. పనిలో పనిగా నన్నూ పిలిచాడు. ముప్పై ఏళ్ళు బడి నడిపి, ఇప్పుడు చర్చిలో పాటల బృందం నడుపుతున్న మసీనా టీచర్‌ని పిలవకపోతే ఏమవుతుందో ఆయనకి తెలుసు.

ఎలీసీ గుమ్మంలోనే ఆగి గోడవైపు చూశాడు.

"ఆహా! ఎంత చక్కటి గడియారమండీ!"

ఫిలిపోగారి చేతిలోని చేమదుంప నోటిదాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

"తీసుకోండి పాస్టరుగారూ."

"అయ్యో, నేనేదో మాటవరసకి అన్నానండీ."

"తీసుకోండి."

"మరి మీకు టైము తెలియాలి కదండీ..."

"తీసుకోమంటున్నానా!"

గిన్నెలు అదిరిపోయాయి. ఎంత ఉదారులండీ ఈ జనం అనుకుంటూ ఎలీసీ గడియారం చంకన పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఫిలిపోగారి భార్యతో, "మీ పూలకుండీ కూడా భలే ఉందమ్మా" అన్నాడు. ఆవిడ ఎత్తి ఇచ్చి, లోపలికెళ్ళి పడుకుంది.

రెండో వారం మా బృందంలో పాడే తావితా ఇంట్లో ఆడపందిని చూసి ముచ్చటపడ్డాడు. అది లేతది, తెల్లది, ఈస్టరు విందుకి పెంచుకుంటున్నది. దాన్ని తోలుకుని మార్కెట్ బస్సెక్కాడు. మా బస్సుల్లో సీటు దొరక్కపోతే ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చోవడం మామూలే. ఎలీసీ మా డాక్టరుగారి ఒళ్ళో కూర్చున్నాడు. పంది ఎలీసీ ఒళ్ళో కూర్చుంది. డాక్టరుగారు ఈనాటికీ ఆ బస్సెక్కరు.

మూడో వారం మా ఇంటికొచ్చాడు. నా ఎర్ర గొడుగు చూసి, "ఎంత అందమైన రంగండీ!" అన్నాడు. బయట కుండపోత. గొడుగు ఇచ్చేశాను. ఇచ్చేసి, మిగతావాళ్ళలా ముసుగుతన్ని పడుకోకుండా అతన్ని కుర్చీలో కూలేసి మా పద్ధతి మొత్తం పాఠం చెప్పాను. వింటూ వింటూ ఎలీసీ చెవులదాకా ఎర్రబడ్డాడు.

"అంటే టీచరుగారూ... ఆ గడియారం..."

"ఆ."

"ఆ పంది కూడా..."

"ఈస్టరుకి వాళ్ళు చేపలు తిన్నారు."

తల పట్టుకున్నాడు. తప్పయిపోయిందన్నాడు. పోనీలే, ఒక ఊరిని కాపాడాను అనుకున్నాను. గొడుగు మాత్రం పట్టుకుపోయాడు. అది మర్యాదే, తిరిగి ఇవ్వకూడదు.

ఆ మరుసటి వారమే ఫిలిపోగారి కొట్టుకెళ్ళి, మూల కూర్చున్న కుట్టుమిషను ముందు నిలబడి, "అబ్బ! ఏం మిషనండీ!" అన్నాడట.

నాకు ఒళ్ళు మండిపోయింది. తెలియక చేసినవాణ్ణి క్షమించవచ్చు. పాఠం విని, తలూపి, పరీక్షలో కాపీ కొట్టినవాణ్ణి నేనెప్పుడూ క్షమించలేదు. తరవాత డాక్టరుగారింట్లో కొత్త పరుపు పోయింది. బ్యాంకు మేనేజరుగారింట్లో పెద్ద వంటపాత్ర పోయింది. ఎలీసీ తెల్లచొక్కా వీధి మలుపులో కనబడగానే ఇళ్ళల్లో టీవీల మీద దుప్పట్లు పడేవి. ఫిలిపోగారి భార్య ఫ్రిజ్జుకి పరదా కట్టించి, ఎవరైనా అడిగితే స్నానాలగది అని చెప్పేది. ఆ పరదా ముందే ఎలీసీ ఒకసారి ఐదు నిమిషాలు నిలబడ్డాడని, ఆ ఐదు నిమిషాలూ తను ఊపిరి పీల్చలేదని ఆవిడే నాతో చెప్పింది.

ఇలా ఎనిమిది నెలలు. చివరికి కమిటీ శనివారానికి మీటింగు పిలిచింది. ఎలీసీని వెనక్కి పిలిపించుకోమని కెనడాకి ఉత్తరం రాసి, ఆ మీటింగులో చదివి పంపాలని నిర్ణయం. ఉత్తరం రాసే భాగ్యం నాకే దక్కింది. బాగా రాశాను కూడా. "ఆశపోతు" అన్న మాట మూడుచోట్ల పెట్టాను.

శుక్రవారం సాయంత్రం పెలేసా కోసం బయల్దేరాను. మా బృందంలో అందరికంటే పైస్వరం ఆమెదే, రెండు వారాలుగా పాటకి రావడం లేదు. భర్త సముద్రంలో పడవతోపాటే మునిగిపోయాడు. మంచంపట్టిన తల్లితో మడ అడవి పక్కన రేకుల ఇంట్లో ఉంటుంది. ఇంటి దగ్గరికి వచ్చేసరికి టకటకమని చప్పుడు వినబడింది. తొంగిచూస్తే ఫిలిపోగారి కుట్టుమిషను! దాని ముందు పెలేసా, చుట్టూ బడిపిల్లల యూనిఫారాలు. మూల డాక్టరుగారి పరుపు మీద ముసలమ్మ. పొయ్యి మీద మేనేజరుగారి వంటపాత్ర.

"ఇవన్నీ ఎక్కడివే?"

పెలేసా గాభరాగా లేచింది. "నావి కావు టీచరమ్మా! చిన్న పాస్టరుగారివి. ఆయన గదిలో చోటు లేదట, దాచిపెట్టమన్నారు."

"దాచిపెట్టమంటే కుడుతున్నావేం?"

"ఊరికే ఉంచితే మిషను తుప్పుపడుతుందట. రోజూ నడపమని మరీమరీ చెప్పారు. అందుకే పాటకి రావడం కుదరట్లేదు, బడి తెరిచేలోగా ఇవి అయిపోవాలి. పరుపు మీద ఎవరూ పడుకోకపోతే బూజు పడుతుందట, అందుకని అమ్మని..."

"మరి ఆ పంది?"

"దానికి తోడు లేకపోతే బెంగపెట్టుకుంటుందని మా పందితో కలిపి ఉంచమన్నారు. ఏడు పిల్లల్ని పెట్టింది. ఆయన దాచమన్నది ఒక్క పందినేనట, పిల్లల సంగతి తనకి తెలియదన్నారు."

బయట పందిపిల్లల్ని లెక్కపెట్టబోయి రెండుసార్లు తప్పాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అది మొదటిసారి.

"మరి మీ ఇంటికొచ్చినప్పుడు ఏం మెచ్చుకుంటాడే?"

"గాలి మెచ్చుకుంటారు టీచరమ్మా. ఇంత గాలి ఊళ్ళో ఎవరింట్లోనూ లేదంటారు. మొన్న అమ్మ దగ్గుతుంటే, దగ్గు భలే గట్టిగా ఉందన్నారు. అమ్మ రోజంతా నవ్వుతూనే ఉంది."

తిన్నగా చర్చి వెనక ఎలీసీ గదికి వెళ్ళాను. గదిలో ఒక మొగలాకు చాప, ఒక సంచి, ఒక బైబిలు ఉన్నాయి.

"గడియారం ఏదయ్యా?"

"ఆస్పత్రి వార్డులో ఉందండీ. మందులకి టైము తెలియక..."

"నా గొడుగు?"

"చేపలమ్మే ముసలాయన దగ్గర. కానీ టీచరుగారూ, దాన్ని మెచ్చుకున్నప్పుడు నాకేమీ తెలియదు. నిజంగానే బాగుందని అన్నాను."

"పెలేసా ఇల్లు చూసే వచ్చాను. ఈ సంగతంతా రేపు మీటింగులో చెప్పు. నిన్నెవరూ పంపరు."

ఎలీసీ ముఖం పాలిపోయింది. "వద్దండీ! తన కోసమే తీసుకున్నానని తెలిస్తే పెలేసాగారు అన్నీ ఎవరివి వాళ్ళ గుమ్మాల్లో పెట్టేసి వస్తారు. ఆవిడ మాటపడే మనిషి కాదు. నన్ను పంపేస్తే పంపేయనివ్వండి. వెళ్ళాలని మాత్రం లేదండీ, ఏడుపొస్తోంది. అయినా మీరు చెప్పనని మాటివ్వండి."

మాటిచ్చాను. ఇచ్చాక, దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను. ఆ కుర్రాడంటే నాకు అంత ప్రేమ ఉందని ఆ సాయంత్రందాకా నాకే తెలియదు. నోరు విప్పితే పెలేసా పరువు పోతుంది. విప్పకపోతే కుర్రాడు పోతాడు. ఉత్తరం చూస్తే నా చేతిరాతలోనే ఉంది, మూడు ఆశపోతులతో సహా.

శనివారం హాలు నిండిపోయింది. ఎలీసీ ఒక మూల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఫిలిపోగారు లేచాడు.

"వీణ్ణి రప్పించింది నేనే. వీడు నా మనిషి. కాబట్టి వీణ్ణి పంపేసే బాధ కూడా నేనే మోస్తాను. టీచరుగారూ, ఉత్తరం చదవండి."

నేను లేచాను. ఉత్తరం మడిచి చేతిసంచిలో పెట్టుకున్నాను. ఎలీసీ చుట్టూ ఒకసారి తిరిగి, పైనుంచి కిందదాకా చూసి, చెయ్యి బుగ్గన పెట్టుకున్నాను.

"ఫిలిపోగారూ! మీ కుర్రాడు ఎంత బాగున్నాడండీ!"

వెనక వరుసవాళ్ళు లేచి నిలబడ్డారు. ఎవరో విసనకర్ర కింద పడేసుకున్నారు. అందరి తలలూ ఒక్కసారి ఫిలిపోగారివైపు తిరిగాయి.

ఆయన మూడు గడ్డాలూ వణికాయి. "టీచరుగారూ... మళ్ళీ ఒకసారి చూడండి. అంత బాగోలేడు."

"లేదండీ. ఇంత చక్కటివాణ్ణి నేనెక్కడా చూడలేదు."

"చెవులు పెద్దవండీ."

"చెవులే ముద్దొస్తున్నాయి."

ఫిలిపోగారు కమిటీవైపు చూశాడు. కమిటీ నేల చాప వైపు చూసింది. ఆయన భార్య మోచేత్తో ఒక్క పోటు పొడిచింది. "ఇచ్చేయండి, పరువు పోతుంది" అని గుసగుసగా అంది గానీ, ఆ గుసగుస వీధి చివరిదాకా వినిపించింది.

"తీసుకోండి" అన్నాడు ఆయన నీరసంగా.

"అయ్యో, నేనేదో మాటవరసకి..."

"తీసుకోమంటున్నానా!"

తీసుకున్నాను. ఇచ్చిన వస్తువుని కెనడాకి పంపే హక్కు ఇచ్చినవాడికి ఉండదు కాబట్టి మీటింగు అక్కడితో ముగిసింది. ఉత్తరాన్ని ఆ సాయంత్రమే పొయ్యిలో వేశాను. ఎలీసీ కళ్ళు తుడుచుకుని, అందరికీ కృతజ్ఞత చెప్పుకుంటానంటూ ముందుకొచ్చి నోరు తెరిచాడు. మరుక్షణం మేనేజరుగారు చేతిగడియారం విప్పి మేజోడులో దోపుకున్నారు, డాక్టరుగారు కొత్త చెప్పుల మీద కూర్చున్నారు, ఫిలిపోగారు మాత్రం రెండు చేతులతో భార్యని గట్టిగా పట్టుకున్నాడు.