చెయ్యి వేయనివ్వని పిల్లి

మొన్న మా మనవరాలు ఏదో ఊరెళుతూ తన పిల్లిని నా దగ్గర వదిలిపెట్టి వెళ్ళింది. నరసరావుపేటలో మూడో అంతస్తు ఇల్లు మాది. పిల్లితో పాటు దాని పరుపు, దాని దువ్వెన, రెండు పింగాణీ గిన్నెలు కూడా దిగాయి. దానికి తన పర భేదం లేదు. గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి సంతకం కోసం కాసేపు కూర్చుంటే అతని ఒళ్ళోకి కూడా ఎక్కింది. "ఎత్తుకో అమ్మమ్మా, ఏమీ అనదు" అని మనవరాలు దాన్ని నాకు అందించబోతే నా చెయ్యి సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. "భయమా?" అని నవ్వింది. భయం కాదు, అలక. పంతొమ్మిది వందల నలభైల్లో నేనొక పిల్లి మీద అలిగాను. అది చచ్చి ఏ లోకాన ఉందో గానీ నేను మాత్రం ఇప్పటికీ దాన్ని తలుచుకుంటే పళ్ళు నూరుతాను.

గురజాల దగ్గర ఒక ఊళ్ళో మా నాన్న మిషను బడి పంతులు. ఊళ్ళో అన్నానే గానీ, ఊరు వేరు, పల్లె వేరు. ఈ సంగతి ఇప్పటి పిల్లలకు విడమరిచి చెప్పాల్సి వస్తోంది, అందుకు సంతోషించాలో ఏమిటో తెలియదు. ఊరికీ మా పల్లెకీ మధ్య ఒక జొన్నచేను ఉండేది. మా తాత కాలంలోనే మావాళ్ళు బాప్తిస్మం తీసుకున్నారు. దేవుణ్ణి మార్చుకున్నా ఊరివాళ్ళ లెక్కలో మేము మారలేదు. కొట్టుకి వెళితే శెట్టి బెల్లం ముక్కను పైనుంచి నా పావడా చెరగులోకి జారవిడిచేవాడు. ఆయన పిల్లికి బిచ్చం పెట్టని మనిషి, ఆ ముక్క కూడా గోరంతే ఉండేది. బావి దగ్గర ఎవరో ఒకరు దయ తలిచి తోడి పోసేదాకా దూరంగా కడవ పెట్టుకుని నిలబడాలి. "దూరం, దూరం" అనే మాట పుట్టినప్పటినుంచీ వింటున్నదే కాబట్టి, పల్నాటి ఎండలాగే అదీ ఉంటుంది కాబోలు అనుకునేదాన్ని. మంట ఉన్నా ఎవరితో చెప్పుకోవాలో తెలిసేది కాదు.

బడులు తనిఖీ చేసే తెల్ల దొరసానమ్మ ఒకావిడ ఎండలు ముదిరితే కొండల మీదికి వెళ్ళిపోయేది. ఆ ఏడు వెళుతూ వెళుతూ మూతబుట్టలో తన పిల్లిని పెట్టుకుని మా ఇంటి ముందు బండి దిగింది. పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు ఆవిడది. "ఇది మిక్కిలి మంచి పిల్లి. దీనికి ప్రతిదినము పాలు ఇయ్యవలెను. వర్షములు వచ్చినప్పుడు నేను వచ్చెదను" అంది. నాన్న ఉబ్బి తబ్బిబ్బై, "మా అమ్మాయి కంటికి రెప్పలా చూసుకుంటుందండీ" అని నన్ను ముందుకు తోశాడు. అమ్మ మాత్రం బండి మలుపు తిరిగేదాకా ఆగి, "మన పిల్లలకే చుక్క పాలు లేవు, పిల్లికి ప్రతిదినమంట, ప్రతిదినము" అని దొరసానమ్మను అనుకరించింది.

బూడిదరంగు మీద నల్లచారలు, తెల్లటి పాదాలు. అంత నున్నటి ప్రాణిని నేను అంతకుముందు చూడలేదు. చూసిన క్షణమే దాన్ని ఒళ్ళో పెట్టుకుని వీపు నిమరాలనిపించింది. ఎవరైనా సరే, నా చేతి కిందికి తనంతట తాను వచ్చి పడుకోవాలి. నా కోరికల్లా అదే. నేను ఒక అడుగు వేస్తే అది రెండు అడుగులు జరిగేది. చెయ్యి చాస్తే చెవులు వెనక్కి వాల్చి, గొంతులో గుర్రుమనేది. అప్పటికీ ఆగకపోతే గోరే. ఎండు చేప తల వేశాను. చేప తల తిని చెయ్యి గీరింది. "అలవాటు పడతది, కాస్త ఓపిక పట్టు" అనేవాడు నాన్న. ఓపిక అనే మాట నాన్న నోట వింటే నాకు ఒళ్ళు మండేది, ఎందుకంటే శెట్టి కొట్టు గురించి ఏడ్చినప్పుడూ అదే చెప్పేవాడు.

నాన్నకు ఒకరోజు గొప్ప ఆలోచన తట్టింది. దొరసానమ్మ దగ్గర పెరిగిన పిల్లికి తెలుగు ఎట్లా వస్తుంది? ఇంగ్లీషులో పిలవాలి! ఆ సాయంత్రం నుంచి తండ్రీకూతుళ్ళం నాపరాళ్ళ అరుగు మీద బోర్లా పడుకుని, మంచం కింద దూరిన పిల్లిని "కమ్, ప్లీజ్ కమ్" అని బతిమాలడం. పల్లె పల్లెంతా వచ్చి చూసింది. పిల్లికి ఇంగ్లీషు రాలేదు గానీ మా వీధిలో చంటిపిల్లలందరికీ "ప్లీజ్ కమ్" వచ్చేసింది. తర్వాత నా ఆలోచన నేను చేశాను. దొరసానమ్మ పండక్కి ఇచ్చిన వాసన సబ్బును అమ్మ పెట్టెలో చీరల మధ్య దాచుకుంది. దాన్ని తీసి, దొరసానమ్మ వాసన వచ్చేదాకా చేతులు తోమి తోమి పిల్లి ముందు చాచాను. అది వాసన చూసి ఒక తుమ్ము తుమ్మి వెళ్ళిపోయింది. సబ్బు అరగదీసినందుకు అమ్మ వీపు మీద రెండు వడ్డించింది. ఇంక పట్టలేక ఒక మధ్యాహ్నం తలుపులు మూసి దాన్ని మూలకు తరిమాను. ముంజేయి మొత్తం రక్తం. అమ్మ పసుపు అద్దుతూ, "పిల్లినైనా గదిలో పెట్టి కొడితే పులవుద్దని తెలీదటే నీకు? దాన్ని ముట్టుకోకపోతే నీ సొమ్మేం పోయిందే?" అని తిట్టింది.

నా సొమ్మేం పోయిందో అమ్మకు చెప్పలేకపోయాను. దెబ్బల కన్నా నన్ను బాధపెట్టింది ఇంకొకటి ఉంది. ఒకసారి అది నిద్రపోతుండగా వీపు మీద రెండు వేళ్ళు ఆనించగలిగాను. చటుక్కున లేచి గడప మీదికి వెళ్ళి కూర్చుని, సరిగ్గా నేను తాకిన చోటునే పనిగట్టుకుని నాకడం మొదలుపెట్టింది. నా చెయ్యి ఆనవాలు లేకుండా కడుక్కుంటున్నట్టే ఉంది. ఆ నాకుడు చూసి నాకు ఏడుపు ఆగలేదు.

దాని పాలు ఊళ్ళో పెద్దింటి నుంచి తెచ్చేదాన్ని. నేను వాకిట్లో గిన్నె కింద పెట్టి పక్కకు జరిగితే, ఆ ఇంటి అవ్వ చెంబు పైకెత్తి ఒంచేది. అవ్వ చెడ్డది కాదు, కొలతకు మించి ఒక ధార ఎప్పుడూ ఎక్కువే పడేది. ఒక పొద్దున వెళ్ళేసరికి మా పిల్లి ఆ ఇంటి అరుగు మీద, అవ్వ చాపకు జానెడు దూరంలో, కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. పక్కనే మీగడ చిప్ప. మా ఇంట్లో పడుకుని లేచి వెళ్ళిన పిల్లి వాళ్ళ వంటింట్లో తిరుగుతుంటే ఎవరూ నీళ్ళు చల్లుకోలేదు. పిల్లికి మైల ఉండదట. ఇంటికొచ్చి గిన్నె విసిరికొట్టి, "మనం ముట్టుకుంటే దానిక్కూడా మైలేనా అమ్మా?" అని అడిగాను. అమ్మ జొన్నలు చెరుగుతున్న చేట ఆపింది. "ఏడవమాక. పో, మొహం కడుక్కో" అని మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది.

తర్వాత కొన్నాళ్ళకు నేను పాలకు వెళితే అవ్వ అరుగు మీద మండిపడుతూ కూర్చుని ఉంది.

"ఏమే పంతులు కూతురా, ఇట్టా రా. మీ దొరసాని పిల్లి చేసిన పని చూడు! రోజూ మీగడ పెడతన్నా గదా, ఇయ్యాల ఒక్కసారి ఈపు నిమురుదామని చెయ్యేస్తే రక్కి పారేసింది. ఏందే దీని పొగరు!"

ఆమె ముంజేయి మీద అచ్చం నా గీతల్లాంటి గీతలే. నా ప్రాణం లేచొచ్చింది. దాని కోపం నా ఒక్కదాని మీదే కాదన్నమాట! "నన్ను కూడా రక్కిందండీ" అన్నాను గబగబా. "ఏదీ?" అంటూ అవ్వ ముందుకు వంగి, నా మణికట్టు పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. గరుకు చెయ్యి, వెచ్చగా ఉంది, వెన్న వాసన వేస్తోంది. "అయ్యో, నీకు నాకన్నా లోతుగా దిగిందే. మీ అమ్మ ఏం పూసింది? ఉత్త పసుపేనా? దాంట్లో కాస్త వేపాకు నూరి పెట్టమను" అంది. ఆ ఇంటి మనిషి నన్ను ముట్టుకోవడం అదే మొదలు.

అంతలో ఆమెకు గుర్తొచ్చింది. నా చెయ్యి వదిలేసింది. కోప్పడలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. లోపలికి తిరిగి, "అమ్మాయ్, చెంబుతో నీళ్ళు తేవే" అని కేకేసింది. కోడలు వచ్చి పోస్తుంటే గీతలు మండుతున్నా మోచేతి దాకా కడుక్కుంది. "అట్టా చూస్తావేందే, గిన్నె పెట్టు, పాలు పోస్తా" అంది ఎప్పటిలా ఆప్యాయంగానే. అరుగు చివర పిల్లి కూడా అవ్వ చెయ్యి పడిన వీపును శ్రద్ధగా నాకుతోంది. అది అవ్వ చెయ్యినీ కడుక్కుంది, నా చెయ్యినీ కడుక్కుంది. దానికి మేమిద్దరం ఒకటే. అవ్వకు కాదు. పాలు పైనుంచి గిన్నెలో పడ్డాయి, ఆ రోజు కూడా ఒక ధార ఎక్కువే.

ఇంటికొచ్చి గడప మీద కూర్చున్నాను. ఎవరి మీద కోపమో తెలియని కోపం. అవ్వ మీదా? వేపాకు నూరి పెట్టమన్న మనిషి మీద సరిగ్గా కోపం కూడా తెచ్చుకోలేకపోయాను, అదింకా ఉడుకు. చేతులు రెండూ చంకల్లో దూర్చుకుని అలా ఉండగా, పిల్లి ఎప్పుడొచ్చిందో, నా పాదానికి వీపు ఆనించి కూర్చుంది. ఇన్నాళ్ళు దేనికోసం అంగలార్చానో అది కాలి దగ్గరకొస్తే నాకు పిసరంత సంతోషం కలగలేదు. "ఇప్పుడొచ్చావా" అనుకున్నాను. చెయ్యి మాత్రం చాచలేదు. ముట్టుకోవడమంటేనే విరక్తి పుట్టింది. లోపలినుంచి అమ్మ చూసి, "కదలమాక" అని సైగ చేసింది. నాన్న బడి నుంచి వచ్చి, ఆ దృశ్యం చూసి ఆనందం పట్టలేక "వెరీ గుడ్, వెరీ గుడ్!" అన్నాడు. పిల్లి చెంగున దూకి మాయమైంది. "మీ ఇంగ్లీషు తగలెయ్య" అంది అమ్మ.

ఆ తర్వాత అది రోజూ వచ్చేది, నేను చేతులు ముడుచుకున్నంతసేపూ ఉండేది. వానలు పడ్డాక దొరసానమ్మ వచ్చింది. దాన్ని ఎత్తుకుంటుందేమోనని కళ్ళు పెద్దవి చేసుకుని చూశాను. ఆవిడ బుట్టను నేల మీద పక్కకు వాల్చి, లోపల ఇంత చేపముక్క వేసి, దూరంగా నిలబడింది. పిల్లి తనంతట తాను నడిచి లోపలికి వెళ్ళాక మూత పెట్టింది. నాన్నా నేనూ మొహాలు చూసుకున్నాం.

నేను పెద్దయ్యాక పంతులమ్మనయ్యాను. ఆ ఊరి బడికే వేశారు నన్ను. అవ్వ అప్పటికి లేదు. ఆమె మునిమనవడిని నా పక్కన కూర్చోబెట్టుకుని, వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించాను. వాడి తల్లి గుమ్మంలో నిలబడి మురిసిపోయింది. ఎవరూ చేతులు కడుక్కోలేదు. కాలం మారిందంటే కాదనను, మార్పుకు నా చెయ్యే సాక్ష్యం. పిల్లి గీసిన గీతలు ఆ వానాకాలానికే మానిపోయాయి. కాలం అన్నిటినీ కడిగేస్తుందంటారు గానీ, ఎనభై ఏళ్ళయినా ఆ చెంబుడు నీళ్ళను కడగడం దాని వల్ల కాలేదు.