ఆయన ఎంచుకున్న పెన్ను

ఆఫీసు శిక్షణ కోసం కాకినాడ నుంచి హైదరాబాదు వెళ్లినప్పుడు, ఒక సాయంత్రం కొండాపూర్‌లో ఇంకు పెన్నులు అమ్మే దుకాణానికి వెళ్లాను. అంతవరకూ ఫోన్‌లోనే చూసిన పెన్నులను చేత్తో పట్టుకుని రాసి చూడాలని నా కోరిక.

రెండు పెన్నులతో రాసి చూశానో లేదో, పక్కనున్న పెద్దాయన ఇంకొకటి నా ముందు పెట్టాడు. "బిడ్డా, జర దీంతోని గూడ రాయి" అన్నాడు. దుకాణం ఆయనదే అనుకుని రాశాను. మరొకటి ఇచ్చాడు. దాంతోనూ రాశాను. ఇంతలో అసలు యజమాని లోపలి నుంచి వచ్చి, "సార్, మీకేం చూపించమంటారు?" అని ఆయన్నే అడిగేసరికి నాకేమీ అర్థం కాలేదు.

"మరి మీరెవరండీ?" అన్నాను.

"మాది నార్సింగి. నువ్వు ఎడమచేత్తోని రాస్తున్నవ్ గద, అందుకే ఇచ్చిన. మా బిడ్డకు కుడిచెయ్యి పడిపోయింది. ఇప్పుడు ఎడమచేత్తోని రాసుడు నేర్సుకుంటుంది."

చిన్నప్పుడు ఈ చేత్తో రాసినందుకే మా ఇంట్లో నాకు దెబ్బలు పడేవి. ఇప్పుడు దీన్ని చూసి ఒకరు పెన్ను ఎంచుకోవడమేమిటో! తడబడుతూనే, హాయిగా సాగిన పెన్ను చూపించి, "ఇది తీసుకోండి" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపి, కాగితాన్ని గీరుతూ నన్ను విసిగించిన పెన్నే తీసుకున్నాడు.

"అది ఆగి ఆగి రాస్తుందండీ!"

"గిది నీతోనే నిదానంగ రాయించింది. ఇగ మా పిల్ల పెన్నే గసుంటిదనుకుంటది, తన చెయ్యి మెల్లగ నడుస్తుందని పరేషాన్ గాదు."

అది సబబో కాదో తేల్చుకోలేక, నాకు నచ్చిన పెన్ను పట్టుకుని అలాగే నిలబడిపోయాను.