పనసచెట్టుకిచ్చిన మాట

వాన పట్టిందంటే మా బాత్రూములో నీళ్లు కిందికి పోవడం మానేసి పైకి రావడం మొదలుపెట్టేవి. ముందు గుడగుడమని చప్పుడు, తరవాత వాసన, ఆ తరవాత చీపురూ బకెట్టూ పట్టుకుని నేను. గోడ పట్టుకుని నడిచే అమ్మ ఒకసారి ఆ నీళ్లలో జారి పడబోయింది. అప్పటినుంచి బాత్రూముకి వెళ్లాల్సి వస్తుందని మంచినీళ్లు తాగడమే తగ్గించేసింది. పెదాలు ఎండిపోయినా దాహం లేదనేది. నాకు ఒళ్లు మండేది. ఎవరి మీద మండాలో తెలియక బకెట్టు మీద చూపించేదాన్ని.

ఈ హిందీవాళ్ల ఊళ్లో, గోల్‌మురిలో, మా ఇల్లు నాన్న కొనేనాటికే పాతది. మురుగు గొట్టాలు కాల్చిన మట్టివి, అతుకు అతుక్కీ మధ్య సిమెంటు. ప్లంబరు వచ్చి ఇనుప తీగ లోపలికి తోసి, తిప్పి, లాగాడు. తడిసిన సవరంలా పెరట్లోని చెట్టు వేళ్లు బయటికొచ్చాయి. కిందటేడూ ఇలాగే లాగాడు, వానలు రాగానే మళ్లీ పెరిగాయి. ఇక తియ్యడం దండగన్నాడు ఆయన హిందీలో. లైను మొత్తం తవ్వి ప్లాస్టిక్ పైపు వెయ్యాలి. చెట్టు సరిగ్గా లైను మీదే ఉంది, ఒక పక్క వేళ్లు నరికితే ఇంటి మీదికి ఒరుగుతుంది. రెండో వైపు నుంచి తీసుకుపోదామంటే పక్కింటి గోడ. కాబట్టి ముందు చెట్టు పోవాలి. చెట్టు నిలిచేలా ఆయన లెక్కలో ఎక్కడైనా పొరపాటు దొర్లుతుందేమోనని చెవులప్పగించి విన్నాను. దొర్లలేదు.

అది పనసచెట్టు. నా చిన్నప్పుడు నాన్న మా సొంతూరి వైపు ఉద్దానం నుంచి మొక్క తెచ్చాడు, తడిగోనె చుట్టి, రైల్లో ఒళ్లో పెట్టుకుని. ఎండాకాలం కుళాయిలు ఎండిపోయినా పెరట్లో ఇంటి గోడవారన నేల చెమ్మగా ఉండేది. అందుకే అక్కడ పాతాడు. నేల ఎందుకు చెమ్మగా ఉందో ఎవరూ అడగలేదు. చల్లగా ఉంది, అంతే చాలనుకున్నారు.

చెట్టు ఏపుగా పెరిగింది గాని ఏళ్లు గడిచినా ఒక్క పిందె వెయ్యలేదు. మావాళ్లకి దీనికో మందు ఉంది. కాయని చెట్టుని బెదిరించాలి. ఓ చలికాలం పొద్దున నాన్న డ్యూటీ నుంచి వచ్చి, కట్టెల గొడ్డలి భుజానేసుకుని చెట్టు ముందు నిలబడ్డాడు. ఆయనకి నాటకాల పిచ్చి లేదు గాని ఆ పూట మాత్రం గొంతు మార్చాడు.

“కాయని సెట్టు మనకెందుకే? నరికేత్తాను.”

అమ్మ పరిగెత్తుకెళ్లి చెట్టుని కౌగిలించుకుంది.

“ఆగండి. ఈ యేడు ఒగ్గీండి. పై యేడు కాత్తాది. కాత్తే మరింక దీని జోలికి రాం, నాది పూచీ.”

నేను తలుపు వెనకనుంచి చూసి నిజమనుకుని ఏడ్చాను. బడి నుంచి వచ్చి హిందీలోనే మాట్లాడే నన్ను, చెట్టుతో మాత్రం తెలుగులోనే మాట్లాడమనేవాడు నాన్న. మన ఊరి చెట్టు కదా, దానికి హిందీ రాదనేవాడు. ఏటేటా ఆ బెదిరింపు జరిగేది. చివరికి కాసింది. కాయడమంటే అలా ఇలా కాదు, మొదలు నుంచి కొమ్మలదాకా. అమ్మ పనసపొట్టు ఆవపెట్టి వండి వీధంతా పంచేది. తన గొడ్డలి చూసి దడుచుకుందని నాన్న, తన పూచీకత్తు విని కాసిందని అమ్మ. ఆ వాదన నాన్న పోయేదాకా తెగలేదు.

ఇప్పుడు ఆ వేళ్ల కుప్ప చూస్తే సంగతి తెలిసింది. గొడ్డలీ కాదు, పూచీ కాదు. దానికి గొట్టంలో నీళ్లు దొరికాయి. ఆ మాట అమ్మతో అనేశాను. అనకుండా ఉండాల్సింది.

“ఏటి తాగితే ఏటి? కాసింది గదా,” అంది అమ్మ.

వానలు వెళ్లేదాకా చెట్టు కొట్టించే ప్రసక్తి ఎత్తడానికి నాకు నోరు రాలేదు. ఒకరోజు నేను మురుగు నాళీలో మోచెయ్యిదాకా పెట్టి కెలుకుతుంటే అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చాలాసేపు చూసింది. కొట్టించెయ్యమంది. ఆ పూట చెంబుడు నీళ్లు తాగింది.

నేల ఆరాక, చలికాలంలో, చెట్టు కొట్టే మనిషిని పిలిచాను. ముందు కొమ్మలన్నీ దించేశాడు. పెరడంతా వెలుతురు పడి ఇల్లు మాది కాదేమో అన్నట్టుంది. ఇక మొదలు మిగిలింది. అప్పుడే దాని మీద బొటనవేలంత పిందెలు తొంగిచూస్తున్నాయి. వాటిని అమ్మ చూడకపోతే బాగుండుననుకున్నాను. కుర్చీలోంచి లేచి, గోడ పట్టుకుని నడిచి, నేరుగా వాటి దగ్గరికే వచ్చింది. ఆ మనిషి గొడ్డలి దించి పక్కకి జరిగాడు.

అమ్మ మొదలు మీద చెయ్యి వేసింది. ఏ మాటొస్తుందో నాకు తెలుసు. ఆగండి అంటుంది. అంటే ఆపేద్దామనే నిజంగా అనుకున్నాను. మురుగు పోతే పోయింది, చచ్చేదాకా బకెట్టు నేనే పడతాను.

“నువ్వు మాట నిలబెట్టినావు,” అంది అమ్మ చెట్టుతో. “మేమే తప్పినాం.”

అని చెయ్యి తీసేసింది. ఆ మనిషికి తెలుగు రాదు. అమ్మగారేమంటున్నారని హిందీలో నన్ను అడిగాడు.

కొట్టమంటోందని చెప్పాను.